నాన్న కారు, అమ్మ రాయి: అరకు, పాడేరు ఘాట్లలో మూడు రోజులు

నిన్న రాత్రి ఇల్లు చేరాం. బట్టలన్నీ ఉతకడానికి వేసేశాను కానీ, బ్రేకు లైనర్ మాడిన వాసన ఇంకా ముక్కులోనే ఉంది. మరిచిపోకముందే రాసి పెట్టుకుందామని కూర్చున్నాను.

ముందు కారు సంగతి. 1972 నాటి అంబాసిడర్, మార్క్ టూ. 1489 సీసీ ఇంజిను, స్టీరింగ్ పక్కన గేరు, నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులు. అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప డ్రమ్ముకు లోపలి నుంచి లైనర్లనే గరుకు పట్టీలు ఒత్తుకుని బండిని ఆపుతాయి. నాన్న దీన్ని 1981లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. 1983లో ఆయనకు పాడేరు బ్రాంచికి బదిలీ అయింది. అక్కడున్న మూడేళ్లూ వైజాగ్ రావాలన్నా, వెనక్కి పోవాలన్నా ఈ కారే. 2021లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన కారు వింటేజ్ కిందికి వస్తుంది. అమ్మకు మాత్రం అది ‘మీ నాన్నగారి బండి’, అంతే.

ఆ రోజుల్లో డిక్కీలో ఎప్పుడూ ఒక మద్ది చెక్క ఉండేది. వడ్రంగి చేత ఏటవాలుగా కోయించింది. ఘాట్‌లో ఎక్కడ ఆగినా నాన్న ఇంజిను ఆపకముందే అమ్మ దిగేది. వెనక చక్రం కింద చెక్క పెట్టి, డిక్కీ మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసేది. ఆ చప్పుడు వినబడ్డాకే నాన్న బ్రేకు మీద నుంచి కాలు తీసేవారు. వెనక సీట్లో కూర్చున్న నాకు ఆ రెండు దెబ్బలూ ఇంకా గుర్తే. చెక్క ఎప్పుడో చెదలు తినేసింది. నాన్న పోయి నాలుగేళ్లయింది. పోయినేడాది కారుకు ఇంజిను పని చేయించాను. ఒక్కసారి పాడేరు చూడాలని అమ్మ అడిగింది. కొండ వాలుల్లో పసుపుగా పూసే వలిసె పూలు ఉండగానే వెళ్లాలని నవంబరు నెలాఖరులో బయల్దేరాం.

నవంబరు 27, గురువారం: శృంగవరపుకోట, టైడా

శృంగవరపుకోటలో టిఫిను. పూరీ, పైన బొంబాయి చట్నీ. శనగపిండి మరీ చిక్కగా కాకుండా, అల్లం ముక్కలు పంటికి తగిలేలా చేశారు. ఇద్దరికీ కాఫీతో కలిపి 130 రూపాయలు. హోటలాయన బయటికొచ్చి కారు చుట్టూ తిరిగి చూశాడు. "మా మేనమామ ట్యాక్సీ ఇదేనండి, ఇదే రంగు" అని బోనెట్ మీద చెయ్యేశాడు. దారిలో ఎక్కడ ఆగినా ఇదే వరస. ఎవరో ఒకరు వచ్చి తమ ఇంట్లో ఒకప్పుడున్న కారు గురించి చెప్పేవారు. కొత్త కారులో వెళ్లిన ఏ ప్రయాణంలోనూ ఇంతమందితో మాట్లాడలేదు.

బొడ్డవర దాటాక ఘాట్ మొదలవుతుంది. టైడా దగ్గర టీ కోసం ఆపాను. దుకాణం ముందు రోడ్డు బాగా ఏటవాలు. అమ్మ అలవాటుగా తలుపు మీద చెయ్యి వేసి, "ఉండు, రాయి చూస్తాను" అంది.

"వద్దమ్మా. నీ మోకాళ్లతో ఈ ఎత్తులో దిగి వంగొద్దు. హ్యాండ్ బ్రేక్ ఉందిగా" అన్నాను.

అమ్మ ఏమీ అనలేదు. మా కారులో హ్యాండ్ బ్రేక్ డాష్‌బోర్డు కింద ఉంటుంది. గొడుగు పిడిలా ఉండేదాన్ని పట్టుకుని మన వైపు లాగాలి. అది చాలా బిగువు. పిడిని పట్టి ఉంచే పళ్లలో రెండు ‘టక్, టక్’ మని లేచేసరికి నా బలం అయిపోయింది. కారు కదల్లేదు, చాలనుకున్నాను.

టీ తాగాం. పది రూపాయల గ్లాసు, యాలకులు దంచి వేశారు. ఎక్కేటప్పుడు అమ్మకు చీర తలుపులో పడింది. అది సర్దుతుంటే వెనక బస్సొచ్చి హారన్ మీద హారన్. ఈ గేర్‌బాక్స్‌లో మొదటి గేరుకు సింక్రోమెష్, అంటే గేర్ల వేగాలు కలిపి సాఫీగా పడనిచ్చే ఏర్పాటు, లేదు. బండి పూర్తిగా ఆగి ఉన్నప్పుడే నెమ్మదిగా వెయ్యాలి, లేకపోతే గరగరమంటుంది. నా ధ్యాసంతా దాని మీదే ఉంది. క్లచ్ వదిలాను, కారు బరువుగా కదిలింది. ఎత్తు కదా అనుకున్నాను. పిడి సంగతే గుర్తు రాలేదు.

అదే రోజు: టైడా నుంచి అనంతగిరి వైపు

చదును రోడ్డు మీదయితే వంద గజాల్లో తెలిసిపోయేది. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే బండి ఎవరో పట్టి లాగినట్టు ఆగిపోతుంది. ఎక్కుడులో ఆ తేడా తెలియదు. ఎటూ కాలు తీసే పనే ఉండదు. పైగా రెండు పళ్లు మాత్రమే లేచి ఉండటంతో వెనక చక్రాలు పూర్తిగా బిగిసిపోలేదు. లైనర్లు డ్రమ్ముని ఒరుసుకుంటూ తిరుగుతున్నాయి, అంతే. ఇప్పటి కార్లయితే మీటర్ల దగ్గర ఎర్ర దీపం వెలుగుతుంది, కొన్నింటిలో గంట కూడా మోగుతుంది. మా కారులో అలాంటిదేమీ లేదు.

మూడో గేరులో వెళ్లాల్సిన చోట రెండో గేరు అడుగుతోంది. కార్బొరేటర్ సరిగ్గా ట్యూన్ చేయలేదేమో అనుకున్నాను. తర్వాత పెట్రోలు మీద అనుమానం. ఆ తర్వాత కారు వయసు. 53 ఏళ్ల ఇంజిను, ఇంతకంటే ఏం లాగుతుందిలే అని జాలిపడ్డాను కూడా. ఆ ఆలోచన ఒక్కటే ఇప్పటికీ బాధగా ఉంది. కారుకు ఏ జబ్బూ లేదు. నేను దాని కాళ్లకు బంధం వేసి కొండెక్కమంటున్నాను.

"ఇస్త్రీ పెట్టె బట్ట మీద మరిచిపోతే వస్తుందే, ఆ వాసన" అంది అమ్మ కిటికీలోంచి ముక్కు బయటపెట్టి.

"ముందు లారీ పోతోందమ్మా, దాని క్లచ్" అన్నాను. నిజంగానే ముందు లారీ ఉంది. మలుపు తిరిగాక లారీ కనబడలేదు. వాసన మాత్రం పోలేదు.

అలా పన్నెండు కిలోమీటర్ల దాకా వెళ్లి ఉంటాం. అనంతగిరికి ముందు రోడ్డు పక్కన బొంగు చికెన్ కాలుస్తున్న వరసలో ఒకావిడ చెయ్యి ఊపుతూ దాదాపు రోడ్డు మధ్యకు వచ్చేసింది.

"ఆపండమ్మా! ఎనక సెక్రం కాడ పొగొస్తంది!"

ఎడమ పక్కకు తీసి ఆపాను. కాలి బ్రేకు ఎప్పటికంటే లోతుగా దిగింది. కారు వెనక్కి జారకుండా హ్యాండ్ బ్రేక్ లాగుదామని డాష్‌బోర్డు కిందికి చెయ్యి పోనిచ్చాను. పిడి ఉండాల్సిన చోటికంటే ముందే వేళ్లకు తగిలింది. అప్పటికే బయటికి ఉంది. ఒక్క క్షణం నాకు ఒళ్లంతా చల్లబడింది. టైడాలో నేనే లాగాను. నేనే విప్పలేదు.

అమ్మ అప్పటికే దిగిపోయింది. రోడ్డు వారగా ఉన్న నల్లరాయి ఒకటి రెండు చేతులతో ఎత్తి తెచ్చి, పొగ రాని ముందు చక్రం వెనక పెట్టి, కాలితో లోపలికి నెట్టింది. ఆ తర్వాత డిక్కీ దగ్గరికి నడిచి వెళ్లింది. రెండు దెబ్బలు.

నేను పిడి తిప్పి లోపలికి తోసి, బ్రేకు మీద నుంచి కాలు తీశాను. ఒంటి మీద బట్టలు చెమటతో తడిసిపోయాయి.

వెనక కుడి చక్రం కప్పు సందుల్లోంచి సన్నగా నీలంగా పొగ. జానెడు దూరంలో చెయ్యి పెట్టినా సెగ తగులుతోంది. ఎడమ చక్రం కూడా వేడిగానే ఉంది, పొగ లేదు. పక్క దుకాణం కుర్రాడు బిందెడు నీళ్లతో పరుగెత్తుకొచ్చాడు. సాయం చేద్దామనే, పాపం. గట్టిగా అరిచి ఆపాను. డ్రమ్ము పోత ఇనుము. అంత కాలినప్పుడు చన్నీళ్లు పడితే పగలొచ్చు, వంకర పోవచ్చు. దానంతట అదే చల్లారాలి. నాన్న చెప్పిన మాట అది. చిన్నప్పుడు విన్నది ఆ నిమిషంలో ఎలా గుర్తొచ్చిందో తెలియదు.

గంటన్నర అక్కడే ఉన్నాం. కారు ఆపించినావిడ మమ్మల్ని తన బల్ల మీద కూర్చోబెట్టి, ముందు మంచినీళ్లు ఇచ్చింది. డబ్బులున్నాయా, ఏం కొంటారు అని అడగలేదు. "టెన్సన్ పడకండమ్మా, సల్లారిపోద్ది" అని నా భుజం తట్టింది. కాసేపటికి అమ్మే అడిగి అర కిలో బొంగు చికెన్ చెప్పింది. ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద పెడతారు. నూనె చుక్క కూడా వెయ్యరు. బొంగు పైన నల్లబడుతుంటే ఆవిడ చేత్తోనే తిప్పుతోంది. మూతి దగ్గర నీరు బుసబుసమని పొంగి, ఆ పొంగు తగ్గాక తీసింది. విస్తరాకులో ఒంపితే ముక్కకు వెదురు వాసన పట్టి ఉంది. 350 రూపాయలు. భయం తీరాక తిన్న తిండి కాబట్టో ఏమో, ఆ రుచి మాటల్లో చెప్పలేను.

చక్రం కప్పు మీద చెయ్యి ఆనించగలిగేంత చల్లబడ్డాక బయల్దేరాం. అమ్మ రాయి తీయగానే, నేను బ్రేకు కొంచెం వదిలితే, కారు తనంతట తానే ఒక బెత్తెడు వెనక్కి జరిగింది. చక్రాలు స్వేచ్ఛగా తిరుగుతున్నాయి. అంతకంటే మంచి కబురు ఆ రోజు ఇంకోటి లేదు. బ్రేకు నాలుగుసార్లు తొక్కి చూశాను. పెడల్ మళ్లీ పైకి వచ్చింది. ఎక్కుడులో కారు మూడో గేరు అందుకుని, ఊపిరి పీల్చుకున్నట్టు లాగింది. గాలికొండ దాటి అరకు చేరేదాకా ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు. అమ్మ ఆ నల్లరాయిని డిక్కీలో పెట్టించిందని అరకులో సామాను దించేటప్పుడు చూశాను.

నవంబరు 28, శుక్రవారం: అరకు

పొద్దున్నే మెకానిక్ కోసం వెతుకులాట. లాడ్జి అతను చెప్పిన షెడ్డుకు వెళ్తే అక్కడ బైకులే చేస్తారట. వాళ్లు ఇంకో దారి చూపించారు. అది కాఫీ తోటల్లోకి తీసుకుపోయి ఆగిపోయింది. మిరియాల తీగలు పాకిన సిల్వర్ ఓక్ చెట్ల మధ్య కారు వెనక్కి తిప్పడానికి పావుగంట పట్టింది. ఎర్రగా పండిన కాఫీ కాయలు కోస్తున్న ఆడవాళ్లు పని ఆపి, రెండు వైపులా నిలబడి ‘రండి, రండి, చాలు’ అని దారి చెప్పారు. చివరికి దొరికిన షెడ్డు జీపులు బాగుచేసేది. జీపుల్లోనూ అలాంటి లాగుడు పిడి హ్యాండ్ బ్రేకే ఉండేది కాబట్టి ఆ పెద్దాయనకు ఏం జరిగిందో సగం మాటలోనే అర్థమైంది.

జాకీ ఎత్తి చక్రాన్ని చేత్తో తిప్పి చెవి దగ్గర పెట్టి విన్నాడు. రెండు స్క్రూలు తీస్తే కుడి డ్రమ్ము ఊడొచ్చింది. ఎడమది పట్టేసి, చెక్క సుత్తితో చుట్టూ కొడితే తప్ప రాలేదు. లోపల చూస్తే కడుపులో తిప్పింది. గరుకుగా ఉండాల్సిన లైనర్ అద్దంలా నున్నగా మెరుస్తోంది. వేలితో రాస్తే జారిపోతోంది. డ్రమ్ము లోపల గుండ్రంగా నీలం చారలు. అడుగున నల్లటి పొడి, కాటుకలా మెత్తగా.

"ఇలాగే పాడేరు ఘాట్ దిగేస్తే?" అని అడిగాను.

"దిగకూడదమ్మా. నున్నబడిపోయిన లైనరు పట్టదు. కాలు ఎంత తొక్కినా బండి పోతానే ఉంటాది" అన్నాడు ఆయన, ముఖంలో నవ్వు లేకుండా.

గరుకు కాగితంతో లైనర్లూ, డ్రమ్ములూ రుద్ది, ఆ మెరుపంతా పోగొట్టాడు. బ్రేకు ఆయిలు నల్లగా ఉంటే మొత్తం తీసేసి కొత్తది పోశాడు. బ్రేకు ఆయిలు గాలిలోని తడిని పీల్చుకుంటుంది. తడి చేరిన పాత ఆయిలు వేడికి తొందరగా మరుగుతుంది. మరిగి ఆవిరి పుడితే పెడల్ స్పాంజిలా దిగిపోతుంది. నిన్న నా కాలు లోతుగా దిగడానికి అదీ ఒక కారణమై ఉండొచ్చన్నాడు. ఇరుసు ఆయిల్ సీల్ వేడికి కాస్త గట్టిపడింది, ఊరెళ్లాక మార్పించమన్నాడు. మూడు గంటల పని, ఆయిలుతో కలిపి 1,250 రూపాయలు. నేను 1,500 ఇస్తే మిగతాది లెక్కపెట్టి చేతిలో పెట్టాడు.

చివర్లో ఆయన చేసిన పని నాకు బాగా నచ్చింది. షెడ్డులో ఉన్న ఎర్ర గుడ్డ పీలిక ఒకటి చింపి హ్యాండ్ బ్రేక్ పిడికి కట్టాడు. "బ్రేకు లాగినప్పుడల్లా దీన్ని తెచ్చి గేరు రాడ్డుకు తగిలించండి. గేరు వెయ్యాలంటే గుడ్డ చేతికి తగలాలి" అన్నాడు. ఇంత చిన్న ఉపాయానికి దీపం అక్కర్లేదు, వైరు అక్కర్లేదు.

పని జరుగుతుండగా అమ్మ సంతకు వెళ్లింది. అరకులో శుక్రవారం సంత. నేను చేరేసరికి పసుపు కొమ్ములు, రాజ్మా, కొండ చీపుర్లతో సంచి నిండిపోయింది. గిరిజన ఆడవాళ్లు తూకం లేకుండా పోగులు పెట్టి అమ్ముతున్నారు. అల్లం పోగు 20 రూపాయలు. అమ్మ అలవాటు కొద్దీ బేరం మొదలుపెట్టింది. ఆవిడ ధర తగ్గించలేదు, విసుక్కోనూ లేదు. పక్క పోగులోంచి ఒక గుప్పెడు తీసి సంచిలో వేసి, అమ్మ ముఖంలోకి చూసింది. అమ్మ ఇంక మాట్లాడకుండా డబ్బులిచ్చేసింది. "పాడేరులోనూ ఇలాగే చేసేవాళ్లే" అంది నాతో, గొంతు కొంచెం మారింది.

నవంబరు 29, శనివారం: పాడేరు, మాడుగుల

హుకుంపేట మీదుగా పాడేరు. దారి పొడవునా కొండ వాలుల్లో వలిసె చేలు. కొన్ని చోట్ల పూత అయిపోవచ్చింది, కొన్ని ఇంకా పసుపు దుప్పటి పరిచినట్టున్నాయి. ఎక్కడ ఆగినా నల్లరాయి దింపడం నా వంతు, సరిగ్గా చక్రానికి ఆనిందో లేదో వంగి చూడటం అమ్మ వంతు అని పొద్దున్నే ఒప్పందం చేసుకున్నాం. రెండు దెబ్బలు మాత్రం తనే వేస్తానంది.

పాడేరు ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాకు కేంద్రం. 2022లో జిల్లా అయ్యాక ఊరు బాగా పెరిగింది. మేమున్న ఇంటి వీధి ఏదో అమ్మకు ఆనవాలు దొరకలేదు. రెండు వీధులు తిరిగాం, ఒకచోట వేరేవాళ్ల పెరట్లోకి వెళ్లిపోయాం. వాళ్లు ఏమీ అనుకోకుండా కుర్చీలు వేశారు. చివరికి మోదకొండమ్మ గుడి దగ్గర నిలబడి అమ్మ వేళ్లతో దిక్కులు లెక్కపెట్టుకుంది. ఇల్లు లేదు. ఆ స్థలంలో రెండంతస్తుల మేడ ఉంది. ముందున్న పనస చెట్టు మాత్రం ఉంది. అమ్మ దాని మొదట్లో చాలాసేపు నిలబడింది. నేను కారు దగ్గరే ఉండిపోయాను.

దిగేటప్పుడు ఘాట్ మొత్తం రెండో గేరులోనే. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలని నాన్న అనేవారు. ఇంజినే బండిని పట్టి ఉంచుతుంటే బ్రేకు మీద భారం పడదు. మలుపుకు ముందు ఒక్కసారి గట్టిగా తొక్కి వదిలేయడం, కాలు దాని మీదే పెట్టి ఉంచకపోవడం. సగం దిగాక ఆపి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి వెనక భాగంతో వేడి చూశాను. నాలుగూ ఒకేలా, అన్నం వార్చిన గిన్నె కాసేపటికి ఉండేంత వెచ్చగా ఉన్నాయి. ఒక చక్రం మిగతావాటికంటే వేడిగా ఉంటే దాని బ్రేకు పట్టేసిందని లెక్క. ఆ నాలుగూ సమానంగా ఉండటం చూశాక గానీ నా భుజాలు సడలలేదు.

కింద మాడుగులలో హల్వా కొన్నాం. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, ఆ పాలను పులియనిచ్చి నేతిలో వండుతారు. వేలితో నొక్కితే నెయ్యి చెమటలా పైకి తేలింది. అర కిలో 270 రూపాయలు. ఒకటి అనంతగిరి దగ్గర కారు ఆపించినావిడకు పంపాలని అమ్మ రెండు పొట్లాలు కట్టించింది. అరకు వైపు వెళ్లే బంధువుల అబ్బాయికి ఇచ్చి పంపుతాను.

వైజాగ్‌లో మా ఇంటి గేటు ముందు కూడా చిన్న వాలు ఉంది. రాత్రి తొమ్మిదయింది. నేను బ్రేకు మీద కాలు పెట్టి ఉంచాను. అమ్మ దిగింది. డిక్కీ తెరిచిన చప్పుడు, రాయి నేలకు తగిలిన చప్పుడు వినిపించాయి. ఎత్తొద్దని ఒప్పందం ఉంది, అయినా వినలేదు. పిడి లాగి, ఎర్ర పీలిక తెచ్చి గేరు రాడ్డుకు తగిలించాను. వెనక నుంచి రెండు దెబ్బలు వినబడ్డాయి. కాలు తీశాను.